మొదటి గ్లాసు

ఎలీయాజరు గ్లాసును కుళాయి కింద పెట్టి, ధార సరిగ్గా మధ్యలో పడేలా రెండు వేళ్ళతో జరిపాడు. అప్పటికింకా కుళాయిలో నీళ్ళు రాలేదు. వాల్వు తిప్పే ఇనుప రాడ్డు భుజాన వేసుకుని ట్యాంకు వైపు నడిచాడు. రేవు వీధి ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి అరుగుల మీద కూర్చున్నారు. ఆరు కావస్తోంది. వాన వెలిసినా చూరుల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ట్యాంకు కింద వాల్వు గుంటలు రెండు. ఎడమది రేవు వీధిది, కుడిది గట్టు వీధిది. ఎడమ గుంట మూత పక్కకు లాగి, రాడ్డు లోపలికి దించి, రెండు చేతులతో తిప్పాడు. పూర్తిగా తెరవడానికి పదకొండున్నర చుట్లు పడుతుంది. ఇరవయ్యారేళ్ళుగా పదకొండున్నరే. ఏడో చుట్టు దగ్గర కడుపులో మెలిపెట్టింది. ఆగాడు. రాడ్డు మీద నుదురు ఆనించి, పళ్ళు బిగించి, పది వరకు లెక్కపెట్టుకున్నాడు. తలెత్తి చుట్టూ చూశాడు. ఎవరూ గమనించలేదు. మిగతా నాలుగున్నర చుట్లూ తిప్పాడు.

రాత్రి నుంచి తొమ్మిదిసార్లు బయటికి వెళ్ళి వచ్చాడు. ఆఖరి రెండుసార్లూ వట్టి నీళ్ళు. భార్య పుష్పమ్మ మందుల డబ్బాలో పెట్టి వెళ్ళిన బిళ్ళలు రెండూ అయిపోయాయి. ఆమె తాడేపల్లిగూడెంలో కూతురు జెస్సీ దగ్గర ఉంది.

కుళాయి దగ్గరకు తిరిగి వచ్చేసరికి ముందు గాలి పోయింది, తరవాత తుప్పు నీళ్ళు పోయాయి, తరవాత ధార తేటపడింది. గ్లాసును రెండుసార్లు తొలిచి పారబోసి, మూడోసారి నింపాడు. నాంచారయ్య కొడుకు వెంకటసాయి సెల్లు ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. నాంచారయ్య రేవు వీధికి పెద్ద. రోజూ పొద్దున ఎలీయాజరు నీళ్ళు తాగే వీడియో రేవు వీధి వాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వెళుతుంది. సాయంత్రం గట్టు వీధిలో తాగే వీడియో గట్టు వీధి వాళ్ళ గ్రూపులోకి వెళుతుంది. అరవయ్యొక్కేళ్ళ మనిషి మంచినీళ్ళు తాగడం పద్నాలుగు నెలలుగా రెండు గ్రూపులవాళ్ళూ చూస్తున్నారు.

నీళ్ళు నీచు వాసన వేశాయి. ఆగకుండా తాగాడు. ఆగితే అనుమానిస్తారు.

"బోర్లించు" అన్నాడు వెంకటసాయి.

గ్లాసు బోర్లించి చూపించాడు. ఒక్క చుక్క రాలింది.

అయిదు నిమిషాలు అక్కడే నిలబడాలి. అది నియమం. విషమైతే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుందని ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. నిలబడ్డాడు. కాళ్ళ పిక్కలు లాగుతున్నాయి. మురుగుకాలవలో వాన నీటికి కొట్టుకొచ్చిన ఓఆర్ఎస్ పొట్లాలు తట్టుకుని ఆగి ఉన్నాయి. నిన్న మూడు ఉన్నాయి, ఇవాళ ఏడు. ఎదురింటి దండెం మీద పసిపిల్లల గుడ్డలు కొత్తగా చాలా వేలాడుతున్నాయి.

"ఏం ఎలీయాజరూ, మీ ఆవిడ లేకపోయేసరికి మరీ చిక్కిపోయావే" అంది మంగతాయారు బిందె సర్దుకుంటూ. "పట్టుమని వారమన్నా కాలేదు, పెళ్ళికొడుకులా దిగులేంటయ్యా!"

నవ్వులు వినిపించాయి. ఎలీయాజరు కూడా నవ్వాడు.

"వంట చేతగాదు గదండి."

"అయిదయింది" అన్నాడు వెంకటసాయి. బిందెలు లేచాయి.

గుల్లలంకలో ఓటు ఎవరికి వారు వేసుకునేది కాదు. కొల్లేటి నడుమ నాలుగు వందల గడప. ఎన్నికలకు వారం ముందు పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటారు. ఊరంతా ఆ గుర్తుకే వేయాలి. దాన్ని కట్టుబాటు అంటారు. తప్పినవాడు తప్పు కట్టాలి. కట్టకపోతే వాడితో ఎవరూ మాట్లాడరు. కిందటి ఎన్నికల్లో పెద్దలే రెండుగా చీలారు. చీలిక వచ్చాక కట్టుబాటు పోవాలి. పోలేదు, రెండయింది. రేవు వీధిది గెలిచిన పార్టీ, గట్టు వీధిది ఓడిన పార్టీ. రేవు వీధి మనిషి గట్టు వీధి మనిషితో మాట్లాడితే తప్పు. గట్టు వీధి మనిషి రేవు వీధి మనిషికి తలూపినా తప్పు. అందరూ ఒకే కులం. ఈ వీధి ఆడపిల్ల ఆ వీధి కోడలు. రేవు వీధి పెద్ద నాంచారయ్యకు గట్టు వీధి పెద్ద ఏడుకొండలు సొంత బావ. నాంచారయ్య అక్క పాపాయమ్మ మొగుడింటి అరుగు మీద నిలబడితే తమ్ముడి ఇంటి డాబా కనిపిస్తుంది. చూడవచ్చు. చూపుకు కట్టు లేదు.

ఆ తరవాత నెలకు రేవు వీధి సంఘం చెరువులో చేపలన్నీ ఒకరోజు తెల్లవారేసరికి తెల్లకడుపులతో తేలాయి. అంతకుముందు మూడు రోజులూ మబ్బు, ఆకు కదల్లేదు. అలాంటప్పుడు నీళ్ళలో గాలి అందక చేప చస్తుందని ఈ లంకల్లో నడక రాని పిల్లకు కూడా తెలుసు. ఆ రోజు మాత్రం అందరూ మరిచిపోయారు. గట్టు వీధి వాళ్ళు మందు కలిపారన్నారు. కర్రలు లేచాయి. ఒకడి చెయ్యి విరిగింది, ఇంకొకడికి కన్ను పోయింది.

చెరువులో కలిపినవాడు ట్యాంకులో కలపడా అన్నారు రేవు వీధిలో. వాళ్ళే కలుపుకుని మామీద పెట్టరా అన్నారు గట్టు వీధిలో. ట్యాంకు నిచ్చెన మొదట ఇనుప గేటు ఉంది. దానికి రేవు వీధి ఒక తాళం వేసింది. ఆ తాళం మీద నమ్మకం లేక గట్టు వీధి ఇంకొకటి వేసింది. కింద సంపు మూతను సిమెంటుతో మూసేశారు. మరి నెలనెలా బ్లీచింగ్ పౌడరు ఎలా వేయాలండీ అని ఎలీయాజరు అడిగాడు. ఇద్దరం వచ్చి తీస్తాంలే అన్నారు. రాలేదు.

ఎవరో ఒకరు ముందు తాగి చూపించాలన్నారు. ఎలీయాజరును పిలిచారు. అతను ఏ వీధి మనిషీ కాడు. ఊరి చివర చర్చి పేటలో ఆరిళ్ళు ఉన్నాయి, అందులో ఒకటి అతనిది. కట్టు పేటకు వర్తించదు. వర్తించేంత లెక్కలో వాళ్ళను ఎవరూ వేసుకోలేదు. అందుకని ఊళ్ళో రెండు వీధుల్లోనూ తిరిగి, రెండు వీధులతోనూ మాట్లాడగలిగిన మనిషి అతనొక్కడే మిగిలాడు.

"సరేనండి" అన్నాడు ఎలీయాజరు. చిన్నప్పటి నుంచీ అతని నోట ఎక్కువగా వచ్చిన మాట అదే. ఏలూరు తంగెళ్ళమూడిలో హబీబు గారి దగ్గర తొమ్మిదేళ్ళు తివాచీలు నేసినప్పుడూ సరేనండి అన్నాడు. ఆ పని తగ్గిపోయి ఊరికి పొమ్మన్నప్పుడూ సరేనండి అన్నాడు.

"గ్లాసు మాత్రం నీదే తెచ్చుకో" అన్నారు. ఆ ఒక్క విషయంలో రెండు వీధులకూ తేడా రాలేదు.

ఇంట్లో ఉన్నవాటిలో మంచి గ్లాసు తెచ్చుకున్నాడు. పదేళ్ళప్పుడు బైబిలు వాక్యాలు కంఠతా అప్పజెప్పినందుకు వచ్చింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉంటాయి: సండేస్కూలు, ప్రథమ బహుమతి. బతుకు మొత్తం మీద అతనికి వచ్చిన బహుమతి అదొక్కటే.

రేవు వీధి వంతు ముగిసింది. వాల్వు మూసి, మోటారు గది వెనక్కు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మట్టి కప్పాడు. నోరు కడుక్కుని, ట్యాంకుకు నీళ్ళిచ్చే మంచినీళ్ళ చెరువు గట్టు మీదికి ఎక్కాడు.

కొల్లేరు పొంగి ఉంది. ఏలూరు పోయే రోడ్డు మీద నాలుగు రోజులుగా నడుములోతు నీళ్ళు. క్యాన్ల ఆటో రావడం లేదు కాబట్టి, కొనుక్కుని తాగేవాళ్ళు కూడా ట్యాంకు నీళ్ళే తాగుతున్నారు. చెరువు ఉత్తరపు గట్టుకు జానెడు చీలిక పడింది. అవతలి మురుగు ఇవతలికి సన్నగా దిగుతోంది. మొన్న రెండు గంపల మట్టి వేశాడు. కరిగిపోయింది. ఇవాళ గంప ఎత్తబోతే చేతులు లేవలేదు.

ఫోను మోగింది. పంచాయతీ సెక్రటరీ శాలిని ఏలూరు నుంచి చేసింది. ఊళ్ళో పనిచేసేవాళ్ళలో అతన్ని గారు అనేది ఆ పిల్ల ఒక్కతే.

"ఎలీయాజరు గారూ, పౌడరు వేశారా?"

"తాళాలండి."

"ఇవాళ ఎలాగైనా వేయించండి. వరద నీళ్ళండీ, ప్రాణాల మీదకొస్తుంది. నేను రేపు పడవ చూసుకుని వస్తాను. ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అక్కడ?"

అతను గట్టు చీలిక వైపు చూశాడు.

"లేదండి."

ఉందంటే ఎవరికి అని అడుగుతుంది. జబ్బు రేవు వీధిలో ఎన్ని ఇళ్ళలో ఉందో, గట్టు వీధిలో ఎన్ని ఇళ్ళలో ఉందో అతనికి తెలుసు. ఏ వీధీ తన జబ్బును పక్క వీధికి తెలియనివ్వడం లేదు. తెలిస్తే వాళ్ళు సంబరపడతారని భయం. జబ్బు తమ వీధికే వచ్చిందని రెండు వీధులూ అనుకుంటున్నాయి. అలా అనుకున్నాక ఎవరు చేశారన్నది ఒక్కటే మిగులుతుంది. ముందు తాగే మనిషే జబ్బు పడ్డాడని తెలిస్తే నీళ్ళలో విషం ఉందని ఖాయమవుతుంది, కలిపింది అవతలి వీధేనని ఎవరికి వారు తేల్చేసుకుంటారు. ఈసారి ఒక కన్నుతోనో ఒక చేత్తోనో ఆగదు.

అందుకని ఎలీయాజరు ఆరోగ్యంగా ఉండాలి.

నాంచారయ్య వీధి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. ఎలీయాజరు మెట్టు కింద నిలబడ్డాడు.

"నెల తిరిగిందండి. పౌడరు వేసుకుందామండి. తాళం తీయిస్తే."

"ఏ నెల తిరిగింది? పద్నాలుగు నెలలు తిరిగాయి. ఇవాళే గుర్తొచ్చిందా?"

"వానలు గదండి."

"నిజం చెప్పు. నీళ్ళలో ఏమన్నా తేడా ఉందా?"

ఉందంటే కర్రలు. లేదంటే తాళం రాదు. ఎలీయాజరు తల గోక్కున్నాడు.

"అటువైపు కూడా కొందరికి నలతగా ఉందండి" అన్నాడు చివరికి.

నాంచారయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. లోపల పసివాడు ఏడుస్తున్నాడు. వెంకటసాయి కొడుకు చరణ్‌తేజ. ఏడుపు సన్నగా, తడి లేకుండా వస్తోంది.

"అటువైపు కూడానా? నువ్వు చూశావా?"

"చూశానండి."

నాంచారయ్య వెనక్కి వాలాడు. మొహంలో ఏదో సర్దుకుంది.

"నటిస్తున్నారు. మన మీద చేసి, తమకూ వచ్చినట్టు చూపిస్తున్నారు. నువ్వు అమాయకుడివి ఎలీయాజరూ, నీకు తెలియదు."

నిజం పని చేయలేదు. అప్పుడు ఎలీయాజరు ఇరవయ్యారేళ్ళలో చేయని పని చేశాడు.

"ఏడుకొండలు గారు మూడింటికి వచ్చి తీస్తామన్నారండి. మీరు వస్తేనేనట."

"వాడే అన్నాడా?"

"అవునండి."

"వాడంతట వాడు దిగొచ్చాడన్నమాట" అన్నాడు నాంచారయ్య. అతనికి ఆ మాట రుచించింది. "సరే, వస్తాను."

గట్టు వీధికి నడవడానికి మామూలుగా ఆరు నిమిషాలు పడుతుంది. ఆ రోజు అరగంట పట్టింది. దారిలో రెండుసార్లు తుప్పల్లోకి వెళ్ళాడు. అక్కడి మురుగుకాలవలోనూ అవే పొట్లాలు.

ఏడుకొండలు వల అల్లుతున్నాడు. అవే మాటలు అతనికీ చెప్పాడు, పేరు మార్చి.

"మా బామ్మర్ది నన్ను రమ్మన్నాడా?" ఏడుకొండలు చేతిలో దారం ఆగింది. "ఎందుకు రమ్మన్నాడు? ఎంతమంది వస్తారట?"

"పౌడరుకేనండి."

"పాతికమందిని తీసుకుని వస్తానని చెప్పు. తీరా వెళ్ళాక నామీద నెడతారు."

వెళ్ళబోతుంటే పాపాయమ్మ పెరటి వైపు నుంచి పిలిచింది. ప్లాస్టిక్ గ్లాసులో ఉప్పు వేసిన గంజి దూరంగా గోడ మీద పెట్టింది.

"నీ కళ్ళేంటి గుంటలు పడినాయి?"

"నిద్ర లేదండి."

"నాకు చెబుతావా నిద్ర సంగతి? మా ఇంట్లో ముగ్గురు పడుకుని ఉన్నారు. తాగు."

తాగాడు. కడుపులో నిలుస్తుందో లేదోనని గోడ పట్టుకుని చూశాడు. పాపాయమ్మ వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మా తమ్ముడి మనవడు ఎలా ఉన్నాడు? రాత్రి ఏడుపు వినబడింది."

"బాలేదండి."

ఆమె ఏదో అనబోయింది. అరుగు మీద మొగుడు దగ్గాడు. ఆమె గ్లాసు కర్రతో కాలవలోకి తోసేసి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చాప మీద పడుకున్నాడు. నీళ్ళు కాచి చల్లార్చుకున్నాడు గాని లేచి తాగే ఓపిక లేకపోయింది. ఇంట్లో కాచిన నీళ్ళు, వీధుల్లో పచ్చి నీళ్ళు. వేళ్ళు కొక్కేల్లా వంగి ముడుచుకుపోతున్నాయి. తివాచీ ముడులు వేసే రోజుల్లోనూ సాయంత్రానికి అలాగే అయ్యేవి. మగ్గం ముందు పక్కపక్కన ఇద్దరు కూర్చునేవారు. ఇద్దరి దెబ్బా ఒక్కసారి పడకపోతే తివాచీ ఒక పక్కకు గుంజుకుపోయేది. అప్పుడు హబీబు గారు ఇద్దరినీ తిట్టేవాడు, తప్పెవరిదని అడిగేవాడు కాదు.

పుష్పమ్మ ఫోను చేసింది.

"ఏవండీ, అన్నం తిన్నారా?"

"ఆఁ."

"గొంతేంటండి అలా ఉంది?"

"వాన."

"ఆ నీళ్ళు తాగమాకండి. టీవీలో చూపిస్తున్నారు, లంకలన్నీ మునిగినాయని. మీరొక్కరు తాగకపోతే ఏమవుద్దండి?"

"రేపు మానేస్తాలే."

"రోజూ అదే మాట."

"జెస్సీ ఎలా ఉంది?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను విన్నాడో లేదో ఆమెకు తెలియదు.

మూడింటికి రెండు గుంపులూ వచ్చాయి. నాంచారయ్య వెనక పాతికమంది, ఏడుకొండలు వెనక పాతికమంది. ట్యాంకుకు అటొక గుంపు, ఇటొక గుంపు ఆగింది. ఎలీయాజరు అప్పటికే పౌడరును బకెట్లో కలిపి తేరనిచ్చాడు. ముక్కు మండే వాసన వస్తోంది. గేటుకు రెండు తాళాలూ తుప్పుపట్టి ఒకదానిమీద ఒకటి వేలాడుతున్నాయి.

"ఎలీయాజరూ, ఆయన్ని ముందు తియ్యమను" అన్నాడు నాంచారయ్య.

ఏడుకొండలు పది అడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. అయినా ఎలీయాజరు అతని వైపు తిరిగి చెప్పాలి. కట్టు.

"ముందు మిమ్మల్ని తియ్యమంటున్నారండి."

"రమ్మన్నాయనే తియ్యాలి. నన్ను పిలిపించింది ఆయన గదా."

"నేను పిలిపించానా?" నాంచారయ్య ఎలీయాజరునే చూస్తూ అన్నాడు. "వస్తానన్నది ఆయన గదా? ఏంటిది?"

యాభైమంది చూపులూ ఎలీయాజరు మీదికి వచ్చాయి. అతను నిచ్చెన పట్టుకున్నాడు.

"నేనే చెప్పానండి, ఇద్దరికీ. నీళ్ళు బాగోలేవండి."

"ఎవరు పాడు చేశారు?" గుంపుల్లోంచి ఒకేసారి వచ్చింది.

"ఎవరూ చెయ్యలేదండి. చెరువు గట్టు కారుతోందండి. రెండు వీధుల్లోనూ వాంతులూ విరేచనాలూ ఉన్నాయండి. నేను రోజూ చూస్తున్నానండి. పసిపిల్లలున్నారండి. తాళాలు తీస్తే పోసి వచ్చేస్తానండి. పది నిమిషాలండి."

అతను అంత పొడుగ్గా మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. నాంచారయ్య చెయ్యి మొలలో ఉన్న తాళంచెవి మీదికి పోయింది. ఏడుకొండలు అది చూశాడు. తనూ జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆ బకెట్లో ఏముంది?" అన్నాడు వెంకటసాయి.

"బ్లీచింగ్ పౌడరండి."

"తాగు."

ఎలీయాజరుకు అర్థం కాలేదు.

"రోజూ తాగుతున్నావుగా? ఇదీ ట్యాంకులో పోసేదేగా, మేం తాగేదేగా? ఒక గ్లాసు తాగి చూపించు. తరవాత తీస్తారు తాళాలు."

"అవునవును, తాగమనండి" అన్నారు గట్టు వీధి గుంపులోంచి ఎవరో. రేవు వీధి మాటకు గట్టు వీధి అవునని పద్నాలుగు నెలలయింది.

"ఇది ఇలా తాగేది కాదండి. వెయ్యి బిందెల్లో కలిస్తే మందండి. ఇలా తాగితే గొంతు కాలిపోద్దండి."

"విన్నారా? తన నోటితోనే అంటున్నాడు."

"తాగడంట!"

"తాగడంట రోయ్!"

అటునుంచీ ఇటునుంచీ అదే కేక. ఎవరిది ఏ వీధి గొంతో విడదీయడానికి లేదు. మొలలోంచీ జేబులోంచీ చేతులు బయటికి వచ్చాయి, ఖాళీగా. తాళం తీయకుండా ఇంటికి పోయే దారి ఇద్దరు పెద్దలకూ దొరికింది. వెంకటసాయి బకెట్‌ను కాలితో తన్నాడు. తెల్లటి నీళ్ళు ట్యాంకు చుట్టూ గడ్డిలోకి పోయాయి.

"రేపటి నుంచి నువ్వొద్దు" అన్నాడు నాంచారయ్య.

ఏడుకొండలు గొంతు సవరించుకున్నాడు.

"ఎలీయాజరూ, ఆయనకు చెప్పు. మేమూ అదే అనుకుంటున్నామని."

ఎలీయాజరు నాంచారయ్య వైపు తిరిగాడు.

"రేపటి నుంచి నేనొద్దని వాళ్ళు కూడా అంటున్నారండి."

"సరే అను."

"సరే అంటున్నారండి" అని ఇటు తిరిగి చెప్పాడు.

"ఇవాళ సాయంత్రం మా వంతు మాత్రం వదిలిపెట్టి పో" అన్నాడు ఏడుకొండలు.

"సరేనండి."

అయిదింటికి గట్టు వీధి కుళాయి దగ్గర బిందెల వరస ఉంది. ఎలీయాజరు గ్లాసును కుళాయి కింద పెట్టి, మధ్యలోకి జరిపాడు. వేళ్ళు విచ్చుకోకపోతే మణికట్టుతో జరిపాడు. ఎవరూ జోకులు వేయలేదు. రాడ్డు భుజాన పెట్టుకోలేక ఈడ్చుకుంటూ నడిచాడు. మట్టిలో దాని గీత అతని వెనకే పోయింది.

కుడి గుంట. మూత. రాడ్డు. ఒకటి. రెండు. మూడు. అయిదో చుట్టు దగ్గర కూర్చుని తిప్పాడు. తొమ్మిదో చుట్టు దగ్గర కళ్ళు మూసుకుని తిప్పాడు. పదకొండు. సగం. పైపులో గాలి కదిలిన చప్పుడు అతనికి అరచేతుల్లో తెలిసింది.

నీళ్ళు కుళాయి దాకా పోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆలోపు నడిచి పోవాలి. ట్యాంకు స్తంభానికి వీపు ఆనించాడు. చల్లగా ఉంది. పిక్కలు లాగడం మానేశాయి. దాహం కూడా లేదు. ఇంకో నిమిషంలో లేద్దామనుకున్నాడు.

లేవలేదు.

కుళాయి దగ్గర ముందు గాలి పోయింది. తరవాత తుప్పు నీళ్ళు గ్లాసులో పడ్డాయి, పొర్లి పోయాయి. తరవాత ధార తేటపడింది. గ్లాసు నిండింది. ఆడవాళ్ళు దారి వైపు చూశారు.

"ఏడీ?"

"వస్తాడ్లే."

పది నిమిషాలయింది. ఒకామె బిందె ముందుకు జరిపింది. పక్కామె చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడుకొండలు వచ్చాడు.

"ఎవరూ పట్టమాకండి. తాగడానికి రాలేదంటే ఏదో ఉంది. మధ్యాహ్నం తాగనన్నాడు, ఇప్పుడు అసలు మనిషే లేడు. ఆలోచించండి."

ఆలోచించారు. బిందెలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఇరవై నిమిషాలయింది. వెళ్ళి చూసేవాడు లేడు. ట్యాంకు దగ్గర అవతలి వాళ్ళు కాపు వేసి ఉంటారని భయం. అవతలి వాళ్ళు కూడా, ట్యాంకు దగ్గర మనిషి కదలకుండా కూర్చోవడం దూరం నుంచి చూసి, ఇవతలి వాళ్ళ ఎత్తేదో ఉందని ఆగారు.

పాపాయమ్మ చీరకొంగు నడుముకు చుట్టుకుని బయలుదేరింది. మొగుడు పిలిచాడు. ఆగలేదు.

ఎలీయాజరు స్తంభానికి ఆనుకుని, గడ్డం రొమ్ము మీద పెట్టుకుని ఉన్నాడు. ఈగలు వాలుతున్నాయి. లుంగీ తడిసి ఉంది. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తలెత్తితే, అవతల ఇరవై అడుగుల్లో తమ్ముడు నిలబడి ఉన్నాడు, వెనక రేవు వీధి మగవాళ్ళతో.

"ఒరే నాంచారీ" అంది. "చచ్చిపోయాడ్రా."

నాంచారయ్య అక్క మొహం చూశాడు. పక్కనున్నవాళ్ళ మొహాలు చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఎవరితో చెప్పాలా అని అటూ ఇటూ చూశాడు. చెప్పి పంపడానికి ఎలీయాజరు తప్ప ఊళ్ళో ఎవరూ లేరు. నోరు మూసుకున్నాడు.

పొద్దుగూకేలోపు రెండు గ్రూపుల్లోనూ ఒకే ఫొటో వచ్చింది, కింద రెండు రకాల మాటలతో. పేటవాళ్ళు నలుగురు వచ్చి చాప మీద మోసుకుపోయారు. వాల్వు మూయడానికి ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్నవాడి మీదికి వస్తుంది. ట్యాంకులో ఉన్నదంతా గట్టు వీధి కాలవలోకి దిగిపోయింది. చివర కుళాయి దగ్గి, రెండు చుక్కలు రాల్చి, ఆగింది.

తెల్లవారేసరికి కుళాయి చుట్టూ బిందెలు లేవు. ధార పడే చోట, సరిగ్గా మధ్యలో, ప్రథమ బహుమతి గ్లాసు అంచుదాకా నిండి ఉంది.